సూరమ్మ కాగితం

రాత్రి ఎనిమిదిన్నరకి
బర్మా క్యాంపులో తలుపులన్నీ తెరిచే ఉంటాయి.
అందరి టీవీల్లోనూ నేనే.
హార్బర్లో దొంగ కాగితాలు పుట్టించే ఫ్లోరాని.
ఒకడికి ఊరు రాసిస్తాను, ఒకడికి తండ్రిని.
సోమవారం ఓ పిల్లని పోలీసులకి దొరక్కుండా దాచి
గురువారం ఆ పిల్ల అన్నని పట్టిస్తాను.

కంచరపాలెం రైతుబజార్లో వంకాయలమ్మే పైడమ్మ
తూకం ఆపి నిలదీసింది:
"మంచిదానివా సెడ్డదానివా, తేల్చి సెప్పీయే.
నాకు నిద్దరట్టట్లేదు."
"రాసేవాళ్లకే తెలీదు పైడమ్మా" అన్నాను.
రెండు కాయలు ఎక్కువేసింది,
అందులో ఒకటి పుచ్చుది.

ఆడిషన్ రోజు డైరెక్టరు
నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు
చేప తాజాదో కాదో చూసినట్టు.
"ఏ ఊరిదో చెప్పలేని మొహం. దీనికోసమే వెతుకుతున్నా."
బళ్లో నేపాలీ అన్నారు ఈ మొహాన్ని,
కరోనా ఏడాది ఊర్వశి జంక్షన్లో ఆటోవాడు
వెనక్కి చూసి, బండి ఆపి, దిగమన్నాడు.
అదే మొహానికి ఇప్పుడు రోజుకి మూడువేల ఐదొందలు.
కాదని ఎలా అంటాను.

మా మామ్మ పేరు సూరమ్మ.
రేషను కార్డులో, పింఛను పుస్తకంలో సూరమ్మ.
నిద్రలో మాత్రం ఇంకో పేరుకి పలుకుతుంది.

అరవై నాలుగులో, రంగూన్ రేవులో,
మా తాత అప్పన్న దగ్గర ఉన్నవి రెండే కాగితాలు:
తనదీ, ముందటేడు జ్వరంతో పోయిన పెళ్లాందీ.
పుట్టిన చోటు టెక్కలి దగ్గర.
గుర్తు, ఎడమ మణికట్టు మీద మచ్చ.
ఖిన్ యీ అనే ఇరవయ్యేళ్ల పిల్ల
ఓడెక్కే ముందు రాత్రి
అగరొత్తి కొసతో మణికట్టు కాల్చుకుంది.
చెల్లెలు రేవులోనే నిలబడిపోయింది.
మూడో కాగితం లేదు.

విశాఖ రేవులో దిగితే
కూతురొస్తోందని టెక్కలి నుంచి వచ్చి
ఒక ముసలామె ఎండలో కూర్చునుంది.
ఆఫీసరు ముందే ఆమెని కావిలించుకుని
"అమ్మా" అంది మా మామ్మ.
అప్పటికి వచ్చిన తెలుగు అంతే.
ముసలామె మొహం చూసింది, మచ్చ చూసింది,
తాతని చూసింది. తాత తల దించుకున్నాడు.
"మా సూరే బాబూ" అని వేలిముద్ర వేసింది.
ఆ రాత్రి మాత్రం అన్నం ముట్టలేదట.

నిన్న భీమిలిలో షూటింగు.
ఫ్లోరా ఇలా ఎందుకైందో జనానికి కారణం కావాలట.
డైలాగు చేతిలో పెట్టారు:
"నా రక్తమే అంత. నేనీ మట్టి మనిషిని కాను."

హీరో కూడా ఒకణ్ణి చంపాడు, నూట నలభయ్యో ఎపిసోడ్లో.
అతనికి తుఫానిచ్చారు, ఆకలినిచ్చారు,
వాన నీళ్లలో కొట్టుకుపోయిన అమ్మనిచ్చారు.
నాకు రక్తమిచ్చి సరిపెట్టారు.
"ఇంకో కారణం రాయండి" అన్నాను.
రైటరు కళ్లజోడు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.
వెలుతురు పోతోందని కెమెరా వాళ్లు అరుస్తున్నారు.

చెప్పాను.
ఒకే టేకులో చెప్పాను.
చప్పట్లు కొట్టారు.

ఇవాళ మంచం టీవీ దగ్గరికి జరపమంది మామ్మ.
పొద్దున తుడిచిన కిటికీ మీద అప్పుడే పోర్టు బొగ్గు నలుపు.
బుగ్గల మీద తనకా గంధం ఎండి బీటలిచ్చింది.
ఆ మాట వచ్చింది.
వీధిలో ప్రతి ఇంట్లోంచీ వచ్చింది,
ఒకదాని వెనక ఒకటి, నా గొంతుతోనే.
మామ్మ మణికట్టు గోక్కుంది.
"ఏటా సీర? నీకు నప్పనేదు" అంది.
ఇంకాసేపటికి,
ప్రకటనలు మొదలయ్యాక,
"అబద్దం మాత్రం బాగా సెప్పినావు.
ఆఫీసరు నమ్మీస్తాడు."